ఒకే కొలిమి, రెండు రహస్యములు: కార్ల్ విల్‌హెల్మ్ షీలే జీవితము

పట్టణములలో ప్రాతఃకాలమున స్నానపుగదిలో కొళాయి విప్పగానే ఒక్కొక్కనాడు ఘాటైన వాసన ముక్కునకు సోకును. అది క్లోరిన్ వాసన. నీటిలోని రోగక్రిములను చంపుటకై నీటి సరఫరా కేంద్రములలో దానిని కలుపుదురు. ఆ వాసన సరిపడనివారు గొట్టమునకును షవరునకును నడుమ చిన్న వడపోత పెట్టె నొకదానిని బిగించుకొందురు. ఆ పెట్టెలలో సాధారణముగా నుండునది బొగ్గు. నీటిని కాపాడు క్లోరిన్‌ను మొట్టమొదట చేతబట్టి పరీక్షించినవాడును, బొగ్గునకు వాయువులను పీల్చి దాచుకొను శక్తి కలదని మొట్టమొదట గుర్తించినవాడును ఒక్కడే. అతడు విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. రాజాశ్రయము కలవాడు కాడు. మందుల దుకాణములో నూరుకొనుచు, కాచుకొనుచు, వడగట్టుకొనుచు నలువది మూడేండ్లకే కన్నుమూసిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే అను స్వీడిష్ ఔషధికుడు.

షీలే 1742 డిసెంబరులో బాల్టిక్ సముద్రతీరమందలి స్ట్రాల్సుండ్ పట్టణమున జన్మించెను. నేడు జర్మనీలోనున్న ఆ పట్టణము నాడు స్వీడన్ ఏలుబడిలో నుండెను. తండ్రి ధాన్యవర్తకుడు. పదునొకండుగురు సంతానములో కార్ల్ ఏడవవాడు. శిశువునకు మూడేండ్లు నిండునప్పటికి తండ్రి వ్యాపారము దివాలా తీసెను. అంతటి కుటుంబమున ఒక పిల్లవానిని ఉన్నతవిద్యకు పంపుట కలలోని మాట. అక్షరములు నేర్చి, లెక్కలు నేర్చి, పదునాలుగేండ్లు దాటగానే బాలుడు పొట్ట చేతబట్టుకొని పనిలో చేరవలసి వచ్చెను.

అతనికి దొరకిన పని గోథెన్‌బర్గ్ నగరమున మార్టిన్ బౌఖ్ అను ఔషధికుని దుకాణమున శిష్యరికము. అంతకు ముందు కార్ల్ అన్నగారును అచ్చటనే పని నేర్చుకొనుచు 1754లో చిన్న వయస్సుననే మరణించియుండెను. అన్న ఖాళీ చేసిన చోటనే తమ్ముడు 1757లో అడుగుపెట్టెను. ఆ కాలపు మందుల దుకాణము నేటి దుకాణము వంటిది కాదు. నేడు మందులు సీసాలలో, పొట్లములలో సిద్ధముగా వచ్చును. నాడు వేళ్లు దంచుట మొదలు ఆమ్లములు బట్టీ పట్టుట వరకు సమస్తమును దుకాణములోనే జరుగవలెను. అందుచే మందుల దుకాణమే రసాయనశాల, ఔషధికుడే రసాయనికుడు. బౌఖ్ వద్ద లెమరీ, కుంకెల్, న్యూమన్ మొదలగువారి రసాయనగ్రంథములు కూడ నుండెను. పగలు యజమాని పని, రాత్రి గ్రంథపఠనము, అందరు నిద్రించిన పిమ్మట గ్రంథములో చదివిన ప్రయోగములను తాను చేసి చూచుకొనుట. ఇది ఆ బాలుని దినచర్య. గ్రంథకర్త చెప్పినాడు గనుక నమ్ముట అతని స్వభావము కాదు. చేసి చూచి, సరిపోయిన నమ్మును. సరిపోనిచో మరల చేయును. ఎనిమిది సంవత్సరములు అతడట్లే గడపెను. ఏ పాఠశాలయు ఈయలేని విద్యను ఆ దుకాణపు వెనుకగది అతనికిచ్చెను.

1765లో బౌఖ్ దుకాణమును అమ్మివేయగా షీలే మాల్మో నగరమునకు పోయి కెల్‌స్ట్రోమ్ అను వేరొక ఔషధికుని వద్ద చేరెను. అచ్చట రెట్జియస్ అను విద్యావంతుడు అతనికి మిత్రుడయ్యెను. షీలే జ్ఞాపకశక్తి అసాధారణమని రెట్జియస్ గమనించెను. రసాయనశాస్త్రమునకు సంబంధించినదేదైనను ఒక్కమారు చదివిన మరచువాడు కాడు; ఇతర విషయములు అతని మనస్సులో నిలిచెడివే కావు. కాని ప్రయోగములను వ్రాసిపెట్టుకొను అలవాటు అతనికి లేకుండెను. ఆ అలవాటు నేర్పినవాడు రెట్జియసే. ఇర్వురును కలసి ద్రాక్షసారాయి పీపాల అడుగున పేరుకొను గారనుండి టార్టారిక ఆమ్లమును వేరుచేసిరి. 1770లో రెట్జియస్ ఆ విషయమును ప్రకటించెను. 1768లో షీలే స్టాక్‌హోమ్ చేరి మరియొక మందుల దుకాణములో పనిచేసెను. కాని అచ్చట వచ్చినవారికి మందు కట్టియిచ్చుటయే అతని పని; కొలిమి దగ్గరకు పోవు అవకాశము అరుదు. కొలిమి లేని చోట షీలేకు ఊపిరాడదు. 1770లో అతడు ఉప్సాలాకు తరలెను.

ఉప్సాలా స్వీడన్‌లోని ప్రాచీన విశ్వవిద్యాలయమునకు నెలవు. అచ్చట రసాయనశాస్త్రాచార్యుడు టోర్బెర్న్ బెర్గ్‌మన్, యూరపుఖండమంతట పేరుమోసినవాడు. షీలే పనిచేయు దుకాణమునుండి బెర్గ్‌మన్ సురేకారము తెప్పించుకొనెను. దానిని బాగుగా కాచి, చల్లార్చి, దానిపై వినిగరు ఆమ్లమును పోయగా ఎఱ్ఱని ఘాటు పొగలు లేచెను. సామాన్యముగా అట్లు జరుగరాదు. సురేకారము కల్తీదని ఆచార్యుడు అనుమానించెను. ఈ మాట దుకాణమునకు చేరగా షీలే శాంతముగా కారణము వివరించెను. సురేకారములో కల్తీ ఏమియు లేదు. తీవ్రముగా కాచినపుడు అది మరియొక లవణముగా మారును. ఆ లవణములోని ఆమ్లము బలహీనమగుటచే ఏ కొద్దిపాటి ఆమ్లము తగిలినను పొగయై వెలికివచ్చును. యోహాన్ గాన్ అను యువరసాయనికుడు ఈ వివరణమును విని ఆశ్చర్యపడి ఆచార్యునకు చెప్పెను. ఆచార్యుడు దుకాణపు పనివానిని చూడగోరెను. నాటినుండి వారి మైత్రి ఆరంభమయ్యెను. ఎవరు గురువో ఎవరు శిష్యుడో చెప్పుట కష్టమైన మైత్రి అది.

బెర్గ్‌మన్ ప్రోత్సాహముతో షీలే నల్ల మాంగనీసు ఖనిజమును పరీక్షింప పూనుకొనెను. గాజు తయారుచేయువారు దానిని ఏనాటినుండియో వాడుచుండిరి. కాని అది ఏమిటో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. మూడేండ్లు శ్రమించి అతడు దానిని అన్ని ఆమ్లములతోను కలిపి చూచెను. ఉప్పునుండి తీయబడు ఆమ్లములో, అనగా నేడు మన విద్యార్థులు హైడ్రోక్లోరిక్ ఆమ్లమని చదువు ద్రావకములో, ఖనిజపు పొడిని కలిపి వెచ్చచేసినపుడు ఒక వింతవాయువు పుట్టెను. పాత్ర మూతికి కట్టిన తిత్తిలో అతడు దానిని పట్టెను. దాని రంగు పసుపుపచ్చ. దాని వాసన ఉక్కిరిబిక్కిరి చేయునది, ఊపిరితిత్తులను బాధించునది. దాని యెదుట బిరడాలు పసుపువన్నెకు మారెను. నీలి లిట్మసు కాగితము తెల్లబోయెను. ఎఱ్ఱని పూవులు, నీలి పూవులు, పచ్చని ఆకులు రంగు కోల్పోయెను. పోయిన ఆ రంగులను ఏ క్షారముచేతను, ఏ ఆమ్లముచేతను తిరిగి రప్పించుటకు వీలులేకుండెను. అందులో వదలిన పురుగులు వెంటనే చచ్చెను. లోహములు తినివేయబడెను. ఆ వాయువు నీటిలో కొంచెముగా కరగెను.

ఈ లక్షణములన్నిటిని షీలే 1774లో స్వీడన్ శాస్త్ర అకాడమీ సంచికలో ప్రకటించెను. నాటి రసాయనికులు మండు ప్రతి వస్తువులోను ఫ్లోజిస్టన్ అను అదృశ్యపదార్థము కలదని నమ్మెడివారు. షీలేయు అట్లే నమ్మెను. అందుచే ఆ వాయువును ఫ్లోజిస్టన్ తొలగిన ఉప్పుద్రావకమని పిలిచెను. అది మూలకమని అతనికి తెలియలేదు. ఆ సంగతిని 1810లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ స్థిరపరచి, లేత ఆకుపచ్చ వన్నెను తెలుపు గ్రీకుపదమునుండి క్లోరిన్ అను పేరు పెట్టెను. షీలే పెట్టిన పేరు పోయినది. అతడు చెప్పిన లక్షణములలో ఒక్కటియు పోలేదు. సిద్ధాంతము తప్పినను చూపు తప్పలేదు. ఆ వ్యాసములోనే మాంగనీసు, బేరియము అను రెండు మూలకములకు సంబంధించిన తొలి సమాచారమును కలదు. మాంగనీసు లోహమును ఆ యేడే అతని మిత్రుడు గాన్ వేరుచేసెను.

దాదాపు ఆ కాలముననే, 1773 ప్రాంతమున, షీలే మరియొక సామాన్యవస్తువును పట్టించుకొనెను. అది వంటింటి బొగ్గు. వంకర మెడగల గాజుపాత్రలో పొడి బొగ్గు నింపి, గాలిలేని తిత్తిని మూతికి బిగించి, పాత్రను వేడిచేసెను. బొగ్గునుండి గాలి వెడలి తిత్తి ఉబ్బెను. నిప్పు తీసి పాత్రను చల్లారనిచ్చెను. తిత్తిలోని గాలి మరల బొగ్గులోనికి పోయెను! మరల వేడిచేయగా వెలికి వచ్చెను. చల్లారగా లోనికి పోయెను. బొగ్గు ఆక్రమించిన చోటునకు ఎన్నో రెట్లు గాలి ఆ చిన్న రాశిలో దాగియుండెను. మన పాఠ్యపుస్తకములలో అధిశోషణమని చెప్పబడు ధర్మమునకు ఇది తొలి పరిశీలనము. బొగ్గులో కంటికి కనబడని అసంఖ్యాకమైన రంధ్రములున్నవి. వాటి గోడల వైశాల్యము మిక్కిలి పెద్దది. వాయువుల అణువులు ఆ గోడలకు అంటుకొని నిలిచిపోవును.

ఇదే సంవత్సరములలో అతడు మూడవ ఘనకార్యము సాధించెను. సురేకారమును, మాంగనీసు ఖనిజమును, పాదరసభస్మమును వేడిచేసి, దీపమును ప్రకాశవంతముగా మండించు ఒక వాయువును పట్టెను. దానికి అగ్నివాయువని పేరిడెను. అదియే ఆమ్లజని. ఈ పని 1771, 1772 నాటికే అతని నోటుపుస్తకములలో కలదు. ఇంగ్లండులో ప్రీస్ట్లీ అదే వాయువును 1774 ఆగస్టులో కనుగొనెను. షీలే తన పరిశోధనలన్నిటిని గాలి, నిప్పు అను విషయములపై ఒక గ్రంథముగా వ్రాసి 1775 చివర ముద్రాపకునకు అప్పగించెను. ముద్రాపకుడు ఆలస్యము చేసెను. ఉపోద్ఘాతము వ్రాయుదునన్న బెర్గ్‌మన్ ఆలస్యము చేసెను. గ్రంథము 1777లో గాని వెలువడలేదు. అప్పటికి ప్రీస్ట్లీ ప్రకటించి రెండేండ్లు దాటెను; పారిసులో లవోయిజర్ ఆ వాయువు ఆధారముగా నూతన రసాయనశాస్త్రమునే నిర్మింప మొదలిడెను. 1774 సెప్టెంబరు 30న షీలే లవోయిజరునకు ఒక లేఖ వ్రాసి ఆ వాయువును తయారుచేయు విధానమును తెలిపెను. ఆ లేఖ నూరేండ్లకు పైగా కాగితముల నడుమ మరుగుపడి 1890 ప్రాంతమున వెలుగులోనికి వచ్చెను. మొదట కనుగొనినవాడు తుదకు లోకము దృష్టిలో రెండవవాడయ్యెను. షీలే ఇందులకు మనస్సు కష్టపెట్టుకొనెను; కాని అందులకై జీవితమును వివాదములకు అర్పింపలేదు. మరునాడు కొలిమి వెలిగించుకొనెను.

1775 ఫిబ్రవరిలో స్వీడన్ శాస్త్ర అకాడమీ అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. అప్పటికి అతడింకను ఔషధికుని పరీక్షయైనను ఉత్తీర్ణుడు కాని పనివాడు. పండితులతో నిండిన ఆ సభలో మందుల దుకాణపు సహాయకునకు పీఠము లభించుట అపూర్వము. అయినను షీలే ఆ పీఠమున కూర్చున్నది ఒక్కసారియే, 1777 అక్టోబరులో. ఆ తరువాతి నెలలోనే ఔషధికుని పరీక్షను కూడ పూర్తిచేసికొని తన ఊరికి తిరిగిపోయెను.

ఆ ఊరు కోపింగ్. మేలారన్ సరస్సు నొడ్డుననున్న చిన్న పట్టణము. అచ్చటి ఔషధికుడు పోల్ మరణింపగా అతని భార్య సారా మార్గరెటా దుకాణమును నడపలేని స్థితిలో నుండెను. షీలే 1775లో ఆ దుకాణపు బాధ్యతను స్వీకరించెను. పైకి కనబడినంత మంచి వ్యాపారము కాదది. అప్పులు చాల యుండెను. వేరొకరు దానిని కొనుటకు యత్నించినపుడు ఊరివారు షీలే పక్షమున నిలిచిరి. బెర్లిన్ మొదలగు నగరములలో మంచి ఉద్యోగములు చూచెదమని మిత్రులు తెలిపిరి. అతడు కదలలేదు. కడుపు నిండ తినుటకు, కొలిమి మండుటకు సరిపడు సంపాదనయుండిన అంతకంటె ఏల యని అతని భావము. క్రమక్రమముగా అప్పులన్నియు తీర్చెను. ఆ విధవరాలు ఇల్లు దిద్దుచుండెను. అతడు దుకాణమును, ప్రయోగశాలను దిద్దుచుండెను.

కోపింగ్‌లో గడచిన పదునొకండు సంవత్సరములలో ఆ ఒంటరి మనుష్యుడు చేసిన పని ఒక పరిషత్తు చేయదగినది. పాలు విరిగిన నీటినుండి లాక్టిక ఆమ్లము, నిమ్మపండ్లనుండి సిట్రిక ఆమ్లము, పచ్చి యాపిల్ పండ్లనుండి మాలిక ఆమ్లము, నూనెలనుండి గ్లిజరిను, ఖనిజములనుండి మాలిబ్డినమునకును టంగ్‌స్టనునకును సంబంధించిన ఆమ్లములు అతని చేతులలోనే వెలువడెను. వెండిలవణములు వెలుతురులో నల్లబడు విధమును అతడు పరిశోధించెను. ఆర్సెనిక్‌తో అందమైన ఆకుపచ్చ రంగును తయారుచేసెను. ఆ రంగు విషమయమని అతడు గ్రహించి, వాడువారికి ఆ సంగతి తెలుపవలెనని భావించెను. అయినను తరువాతి శతాబ్దమున ఆ రంగును గోడకాగితములపై, వస్త్రములపై విచ్చలవిడిగా వాడి లోకులు జబ్బుపడిరి.

పరులను గూర్చి అంతటి జాగ్రత్త చూపిన షీలే తన దేహమును గూర్చి చూపలేదు. ఆ కాలమున పదార్థములను గుర్తించుటకు పరికరములు కొలది. ముక్కు, నాలుక, కన్ను, ఇవియే పరికరములు. ప్రష్యను నీలమునుండి అతడు వేరుచేసిన ఆమ్లము మహావిషములలో నొకటియైన హైడ్రోసయనిక ఆమ్లము. దాని వాసనతోపాటు రుచిని కూడ అతడు వర్ణించి పెట్టెను! పాదరసము, ఆర్సెనిక్, క్లోరిన్, వీటి ఆవిరులను చలిదేశపు మూసిన గదులలో ఏండ్లతరబడి పీల్చెను. 1785 శరత్కాలమునుండి మూత్రపిండముల వ్యాధి పీడించెను. కీళ్లనొప్పులు అంతకు ముందే యుండెను. రసాయనముల విషమే అతని ఆయువును కుదించినదని చాలమంది భావింతురు. 1786 వసంతమున తన అంత్యకాలము సమీపించినదని అతనికి తోచెను. మరణశయ్యపై నుండి సారా మార్గరెటాను వివాహమాడెను. దుకాణమును, తన ఆస్తియు మరల ఆమెకే చట్టప్రకారము చెందవలెనన్నది అతని చివరి ఉద్దేశ్యము. కొద్ది దినములకే, 1786 మే 21న, కన్నుమూసెను.

అతడు వదలిపోయిన రెండు రహస్యములు వేర్వేరు త్రోవలలో ప్రయాణము సాగించెను. పూవుల రంగు తీయు గుణమును చూచి ఫ్రాన్సులో బెర్తొలే 1785లో బట్టలను తెల్లబరచుటకు క్లోరిన్‌ను వాడజూచెను. 1799లో స్కాట్లండులో చార్లెస్ టెన్నంట్ పొడి సున్నమునకు క్లోరిన్‌ను పట్టించి తెల్లని చూర్ణముగా చేసెను. అదియే మనమెరిగిన బ్లీచింగు పౌడరు. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు, పురిటాండ్రను పరీక్షించుటకు ముందు వైద్యులందరు క్లోరిన్ కలిసిన సున్నపునీటితో చేతులు కడుగుకొనవలెనని నియమించెను. ఆ యేడు ఏప్రిల్‌లో అతని విభాగమున నూటికి పదునెనిమిదిమంది బాలింతలు మరణింపగా, వేసవి నెలలలో ఆ సంఖ్య నూటికి రెండు ప్రాంతమునకు దిగెను. షీలే పాత్రలో పురుగులను చంపిన వాయువు ఇచ్చట తల్లుల ప్రాణములను నిలిపెను.

ఇక నీటి వంతు వచ్చెను. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్టణమున టైఫాయిడు చెలరేగినపుడు అలెగ్జాండర్ హూస్టన్ పట్టణపు నీటిలో క్లోరిన్ ద్రావణమును కలిపించెను. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నగరమునకు పోవు నీటికి జాన్ లీల్ అను వైద్యుడు బ్లీచింగు పౌడరు పట్టించెను. నీటిలో విషము కలిపితివని అతనిని న్యాయస్థానమున నిలదీసిరి. తగిన స్వల్పపరిమాణమున నది విషము కాదని, రక్షణమని లీల్ వాదించి గెలిచెను. ఆ పిమ్మట నగరము వెంబడి నగరము ఆ పద్ధతిని అవలంబించెను. కలరా, టైఫాయిడు వ్యాధులు నగరములనుండి వెనుకకు తగ్గుటకు వడపోతతోపాటు ఇదియు ముఖ్యకారణము. వరదల తరువాత మన పల్లెలలో ఆరోగ్యసిబ్బంది బావులలో కలుపు తెల్లపొడి ఆ మాంగనీసు కొలిమికి వారసురాలే.

బొగ్గు త్రోవ కూడ మందుల దుకాణముననే ఆరంభమయ్యెను. 1785లో, షీలే ఇంకను జీవించియుండగనే, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపు ఔషధశాలలో టోబియస్ లోవిట్జ్ టార్టారిక ఆమ్లపు ద్రావణమును శుభ్రపరచుచుండగా బొగ్గు దానిలోని మురికిరంగును పీల్చివేయుట గమనించెను. ఆ ఆమ్లము షీలే యౌవనమున వేరుచేసినదే! బొగ్గు గాలిని మాత్రమే గాక నీటిలో కరగిన పదార్థములను సైతము పట్టుకొనునని దీనివలన తేలెను. తరువాతి కాలమున కొబ్బరిచిప్పల బొగ్గు మొదలగువానిని ఆవిరితో అధికముగా వేడిచేసి రంధ్రములను విప్పుట నేర్చిరి. అట్టి ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములోని రంధ్రముల గోడలన్నియు పరచిన 500 చదరపు మీటర్లకు మించును.

ఈ రెండు త్రోవలు ప్రసిద్ధముగా కలసికొన్నది శాంతిలో కాదు, యుద్ధములో. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మను సేనలు శత్రువులపై క్లోరిన్ వాయువును వదలెను. ఆ తరువాత విషవాయువులకు అడ్డుగా సైనికుల ముఖములకు కట్టిన తొడుగులలో బొగ్గును నింపిరి. ఏ చేతులు క్లోరిన్‌ను పట్టినవో ఆ చేతులు చూపిన బొగ్గే ప్రాణరక్షకమయ్యెను.

నేడు ఆ యుద్ధపు కవచము స్నానపుగదిలోనికి వచ్చినది. దాని అవసరమును, పరిమితిని తెలిసికొనుట మేలు. భారతీయ ప్రమాణము ప్రకారము వినియోగదారుని కొళాయివద్ద లీటరు నీటికి కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. ఆ మిగులు క్లోరిన్ గొట్టములలో కావలివాడు. ఎచ్చటనైన పగులుదారిలో మురుగు చొరబడిన దానిని ఎదిరించునది అదియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటిలో క్లోరిన్‌కు పెట్టిన పై హద్దు లీటరునకు 5 మిల్లీగ్రాములు. అయితే 1974లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్, నీటిలోని కుళ్లిన ఆకులు మొదలగు జీవపదార్థములతో క్లోరిన్ కలసినపుడు క్లోరోఫారము వంటి పదార్థములు స్వల్పముగా పుట్టునని చూపెను. వేడినీరు షవరునుండి సన్నని తుంపరలుగా పడునపుడు క్లోరిన్‌తోపాటు ఇవియు ఆవిరియై గదిలో చేరును. అందులకు మొదటి మందు ఖర్చులేనిది: గది కిటికీ తెరచియుంచుట, నీటిని మితముగా వేడిచేయుట. స్నానపు నీటిని వెడల్పు పాత్రలో పట్టి కొన్ని గంటలు ఉంచిన క్లోరిన్ చాలవరకు ఎగిరిపోవును. ఎండ తగిలిన త్వరగా నశించును. కొన్ని దేశములలో క్లోరిన్‌కు అమ్మోనియా చేర్చి క్లోరమీనుగా మార్చి పంపుదురు. అది ఇట్లు సులభముగా పోదు.

వడపోత పెట్టెలోని బొగ్గు క్లోరిన్‌ను కేవలము పట్టియుంచుట లేదు. క్లోరిన్ బొగ్గు పైపొరను ఆమ్లజనీకరించి, తాను హానిలేని క్లోరైడుగా మారిపోవును. అనగా షీలే ఉప్పుద్రావకమునుండి వెలికితీసిన దానిని, షీలే పరీక్షించిన బొగ్గు మరల ఉప్పులోని రూపమునకే చేర్చును. కాని ఈ పనికి నీరు బొగ్గును తాకియుండు కాలము కావలెను. షవరులో నీరు వేగముగా పరుగెత్తును గనుక చిన్న పెట్టె పని అసంపూర్ణము. కొన్ని పెట్టెలలో బొగ్గుతోపాటు రాగి, తుత్తునాగముల మిశ్రమపు రవ్వలను వాడుట ఇందులకే. వేడినీటిలోను అవి క్లోరిన్‌ను క్లోరైడుగా మార్చగలవు. ఎట్టి పెట్టెయైనను కాలక్రమమున శక్తి కోల్పోవును. క్లోరిన్ తొలగిన తడిబొగ్గుపై క్రిములు పెరుగుటకు అవకాశము కలదు. కావున నియమిత కాలమునకు మార్చని వడపోత లేనిదానికంటె కీడు. కావలివానిని గుమ్మమువద్ద పంపివేయవచ్చును గాని ఊరి పొలిమేరలో పంపివేయరాదు. క్లోరిన్‌ను తొలగింపదలచిన నీటిని వాడుకొను చివరి చోటనే తొలగింపవలెను. ఇంటిపై తొట్టిలోనికి చేరకముందే తొలగించిన తొట్టినీరు రక్షణలేనిదగును.

విద్యార్థులు ముఖ్యముగా మరువరానిది మరియొకటి కలదు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును బ్లీచింగు పౌడరుతో ఎన్నడును కలుపరాదు. కలిపిన క్షణముననే షీలే తిత్తిలో పట్టిన ఆ పసుపుపచ్చని వాయువు మూసిన గదిలో లేచును. అతడు తెలియక పీల్చెను. మనము తెలిసియు పీల్చుట అవివేకము.

షీలే కాలమున రోగములకు సూక్ష్మజీవులు కారణమని ఎవరికిని తెలియదు. తన వాయువు నీటిని కాపాడునని గాని, తన బొగ్గు ఆ వాయువును అడ్డునని గాని ఊహించుటకు అతనికి ఆధారము లేదు. అతడు చేసినదెల్ల కంటికి కనబడినదానిని కనబడినట్లు చూచి, ఉన్నదున్నట్లు వ్రాయుట. దేనివలన ఏ ఉపయోగమున్నదని అతడు అడుగలేదు. ఉపయోగము వెదకుకొనుచు లోకమే తరువాత అతని దుకాణమునకు వచ్చెను. విషమునకును మందునకును భేదము పరిమాణమే యని ఔషధికులు తరతరములుగా ఎరుగుదురు. ఆ సత్యమును జీవితమంతయు త్రాసులో తూచిన ఔషధికుడు తన దేహము విషయమున మాత్రము త్రాసు పట్టుట మరచెను. ఇంటింటి కొళాయిలో నేడు మిల్లీగ్రాములలో తూచి కలుపబడుచున్న ఆ వాయువు అతని ఊపిరికి ఒకనాడు కొలత లేకుండ సోకినదే.